సామాను యొద్ద నిలిచినవారి పాలు

చదువవలసిన భాగము: మొదటి సమూయేలు 30వ అధ్యాయము



నలుగురు కలిసి పని చేయుటను గూర్చి మనము అనేక ప్రసంగములు విన్నాము. ప్రసంగి గ్రంథము 4వ అధ్యాయములోని మూడు పేటల త్రాటి సంగతి మన ఆదివారపు బడి పిల్లలు కూడ ఎరుగుదురు. అయితే కష్టమంతయు పనిలోనే ఉన్నదని నాకు తోచదు. నాట్లప్పుడు, కోతలప్పుడు మన గ్రామములలో జనులు బాగుగనే కలిసియుందురు. తగవు పుట్టునది కళ్లములో, గింజలు కొలుచునప్పుడు. ఎవడు ఎంత చేసెను, ఎవనికి ఎంత రావలెను, రాలేకపోయినవానికి ఏమైన పాలు కలదా అను మాట అప్పుడు లేచును. సంఘములోను అట్లే. మందిరము కట్టునప్పుడు లేని గొడవ, కట్టిన తరువాత గోడమీది రాతిపలక మీద ఎవరి పేరు చెక్కించవలెనను దగ్గర వచ్చును.

పనికి రాలేకపోయినవానికి పని ఫలములో పాలు కలదా? ఇది దయను గూర్చిన ప్రశ్న అని మనము సాధారణముగా అనుకొందుము. కాదు, ఇది న్యాయమును గూర్చిన ప్రశ్న. జాలిపడి ఏదో కొంత చేతిలో పెట్టుట వేరు. ఇది నీ పాలు, తీసికొనుము అని ఇచ్చుట వేరు. మొదటిదానిలో పుచ్చుకొనువాడు తల వంచవలెను. రెండవదానిలో వంచనక్కరలేదు. పాత నిబంధనలో ఈ ప్రశ్నను సూటిగా విచారించి తీర్పు చెప్పిన చోటు ఒకటి కలదు. ఆ తీర్పు సీనాయి కొండమీద పుట్టలేదు. అలసిపోయి, దుమ్ము కొట్టుకొనిపోయిన మనుష్యుల మధ్య, ఒక వాగు ఒడ్డున పుట్టినది.

అప్పటికి దావీదు రాజు కాలేదు. సౌలు చేతికి చిక్కకుండ ఫిలిష్తీయుల దేశములో తల దాచుకొని, గాతు రాజైన ఆకీషు ఇచ్చిన సిక్లగు అను ఊరిలో 600 మంది మనుష్యులతో కాపురముండెను. ఫిలిష్తీయుల సర్దారులు ఇశ్రాయేలు మీదికి యుద్ధమునకు పోవుచు, దావీదును నమ్మజాలక వెనుకకు పంపివేసిరి. మూడవ దినమున వీరు ఊరు చేరి చూడగా ఊరు లేదు, బూడిద యున్నది. అమాలేకీయులు వచ్చి దానిని తగులబెట్టి, స్త్రీలను, పిల్లలను చెరపట్టుకొని పోయియుండిరి. ఇక ఏడ్చుటకు ఓపిక లేనంతవరకు ఆ మనుష్యులు ఏడ్చిరి. పిమ్మట ఆ దుఃఖమే కోపమై, దావీదును రాళ్లతో కొట్టవలెనని మాటలాడుకొనిరి. దావీదు భార్యలిద్దరును ఆ చెరలోనే ఉన్నారను సంగతి అప్పుడు వారికి గుర్తుకు రాలేదు కాబోలు. కష్టము వచ్చినప్పుడు నాయకుని మీద రాయి ఎత్తుట నేటి అలవాటు మాత్రమే కాదు!

దావీదు యాజకుడైన అబ్యాతారును పిలిపించి, దేవుని యొద్ద విచారణ చేసి, తరుముటకు సెలవు పొంది బయలుదేరెను. బెసోరు వాగు వరకు 600 మందియు వచ్చిరి. (నేడు గాజా పట్టణమునకు దక్షిణముగా సముద్రములో కలియుచున్న వాగు అదియే అని పండితులు తలంచుచున్నారు.) అక్కడ 200 మంది ఆగిపోయిరి. వాగు దాటలేకపోయిరి. హెబ్రీ మూలములో ఇక్కడ వాడబడిన క్రియ చాల అరుదైనది. ఈ అధ్యాయములో తప్ప పాత నిబంధనలో మరెక్కడను కనబడదు. అది శవము అను అర్థమిచ్చు మాటకు చుట్టపు మాట. అనగా వారు కొంచెము అలసినవారు కారు, పీనుగులవలె కూలబడినవారు. ముందు మూడు దినముల ప్రయాణము, దాని మీద ఆ ఏడుపు, దాని మీద ఈ పరుగు.

మిగిలిన 400 మందితో దావీదు ముందుకు పోయెను. అమాలేకీయులను పట్టుకొని, మరునాటి సాయంకాలము వరకు పోరాడి, పోయినదంతయు విడిపించెను. చిన్నదేమి, పెద్దదేమి, ఒక్కటియు తక్కువ కాలేదు. అదిగాక శత్రువుల గొఱ్ఱెలును పశువులును చేత చిక్కెను.

తిరుగుదారిలో వాగు కనబడినది. ఆ 200 మంది ఎదురు వచ్చిరి. దావీదు వారి దగ్గరకు పోయి మొట్టమొదట వారి క్షేమమడిగెను. లెక్క తరువాత, పలుకరింపు ముందు. ఈ చిన్న సంగతిని దాటిపోకుడి. అయితే అతని వెంబడి వచ్చినవారిలో కొందరు, వీరు మనతో రాలేదు గనుక మనము తెచ్చిన దోపుడులో వీరికేమియు ఇయ్యకూడదు, ఎవని భార్యను, ఎవని పిల్లలను వాడు తీసికొని పోవలసినదని చెప్పిరి.

ఈ మాట పలికినవారిని గ్రంథము దుర్మార్గులనియు పనికిమాలినవారనియు పిలుచుచున్నది. కాని తొందరపడక వారి వాదమును వినుదము. వారి మనస్సులోని మాట ఇట్లుండవచ్చును: మేమును ఆ దారినే నడిచితిమి. మా కాళ్లును ఇనుప కాళ్లు కావు. మా ఇండ్లు కాలినట్లే వీరి ఇండ్లును కాలినవి. ప్రాణములకు తెగించినది మేము. వాగు ఒడ్డున పండుకొన్నది వీరు. వీరి భార్యాబిడ్డలను ఉచితముగా తెచ్చి ఇచ్చుచున్నాము, అది చాలదా? సోదరులారా, ఇందులో అబద్ధము ఒక్కటియు లేదు. మన ఊళ్లలో పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి ఈ తగవు చెప్పినయెడల, ఎనిమిదిమంది వీరి పక్షమే మాటలాడుదురేమో. కూలికి రానివానికి కూలి ఎక్కడిదని అందురు.

మరి గ్రంథము వారినెందుకు అంత కఠినమైన మాటతో పిలిచెను? దానికి జవాబు ఆ అధ్యాయములోనే ఉన్నది గాని తగవు జరిగిన చోట లేదు, కొంచెము ముందు ఉన్నది. దావీదు మనుష్యులు తరుముచు పోవుచుండగా పొలములో ఒక ఐగుప్తు పడుచువాడు పడియుండెను. మూడు పగళ్లు, మూడు రాత్రులు అన్నము నీళ్లు లేవు. వారు అతనికి రొట్టె, నీళ్లు, అంజూరపు పండ్ల ముద్దలో ముక్క, రెండు ద్రాక్షగెలలు ఇచ్చిన తరువాత ప్రాణము లేచి వచ్చెను. ఎవనివాడవని అడుగగా, ఒక అమాలేకీయుని దాసుడననియు, తనకు జబ్బు చేసినందున యజమానుడు విడిచి పోయెననియు చెప్పెను.

జబ్బు చేసినందున విడిచి పోయెను! అమాలేకీయుల ఎత్తు తూనిక ఇది. పనికి వచ్చినంతకాలము ఉంచుకొందురు, పనికి రాకపోగానే దారిలో పారవేయుదురు. ఇది వారికి పాత అలవాటు. ఇశ్రాయేలు ఐగుప్తు విడిచి వచ్చినప్పుడు అమాలేకీయులు ఎవరి మీద పడిరో ద్వితీయోపదేశకాండము 25:17, 18 చూడుడి. ముందు నడుచు బలవంతుల మీద కాదు. అలసి సొలసి, నడువలేక, వెనుక చిక్కిన బలహీనుల మీద. ఈ జనాంగము చేసిన ఇతర యుద్ధములను మోషే అంతగా ఎత్తి చెప్పలేదు. వెనుకబడినవారిని నరికిన సంగతిని మాత్రము మరువవద్దని ఆజ్ఞాపించెను.

ఇప్పుడు బెసోరు వాగు దగ్గరకు మరల రండి. ఆ కొందరు ఏమనిరి? వెనుకబడినవారికి పాలు లేదనిరి. రెండు దినముల క్రిందట అమాలేకీయులను కత్తితో గెలిచి, ఆ అమాలేకీయుల న్యాయమునే మూట కట్టుకొని ఇంటికి తెచ్చిరి. కత్తి పట్టి గెలిచిన శత్రువునకు మనస్సులో గెలుపు ఇచ్చినట్లాయెను. అందుచేత దావీదు ఆ మాటను అక్కడనే ఆపవలసివచ్చెను.

మరియొక సంగతి కూడ చూడవలెను. అమాలేకీయులతో ఇశ్రాయేలు చేసిన మొదటి యుద్ధములో అలసి కూర్చున్నది ఎవరు? మోషేయే. నిర్గమకాండము 17వ అధ్యాయములో యెహోషువ క్రింద యుద్ధము చేయుచుండగా మోషే కొండమీద చేతులెత్తి నిలిచెను. చేతులు బరువెక్కినవి. అప్పుడు అహరోనును హూరును ఒక రాయి తెచ్చి, అతనిని దాని మీద కూర్చుండబెట్టి, చెరియొక ప్రక్క ఒక్కొక్క చేయి ప్రొద్దు గ్రుంకువరకు పట్టుకొనిరి. బెసోరు దగ్గర మాటలాడినవారు ఆ దినమున రెఫీదీములో ఉండిన, రాతిమీద కూర్చున్న ముసలివానికి పాలేమిటని అడిగియుందురు గదా! అహరోను, హూరు కత్తి పట్టలేదు గనుక వారికిని లేదందురు. అప్పుడు ఆ యుద్ధమును గెలిచినది ఎవరని చెప్పవలెను?

దావీదు చెప్పిన తీర్పులో రెండు సంగతులు నాకు ముఖ్యముగా కనబడుచున్నవి. మొదటిది, ఇది మనము సంపాదించినది కాదు, యెహోవా మనకిచ్చినది అని అతడు చెప్పెను. సంపాదించినదైతే చెమట కొలది పంచుకొనవచ్చును. ఇయ్యబడినదైతే, తనకు ఉచితముగా వచ్చినదానిని చూపి తోటివానితో నీకు హక్కు లేదనుట ఎట్లు చెల్లును? రెండవది ఇంతకంటె సున్నితమైనది. ఆ 200 మంది ఎందుకు ఆగిరని 10వ వచనము చెప్పునప్పుడు, అలసట చేత ఆగిరని మాత్రమే చెప్పుచున్నది. అయితే 24వ వచనములో దావీదు వారిని అలసినవారనలేదు. సామాను యొద్ద నిలిచినవారు అని వారికి పేరు పెట్టెను. యుద్ధమునకు పోయినవాని పాలెంతో సామాను యొద్ద నిలిచినవాని పాలును అంతే అనెను. వారి బలహీనతకు ఒక పనిపేరు ఇచ్చెను. ఇది ముఖప్రీతి మాట కాదు. 25వ అధ్యాయములో దావీదు నాబాలు మీదికి పోయినప్పుడును 400 మంది వెళ్లిరి, 200 మంది సామాను యొద్ద నిలిచిరి. అది ఆ సైన్యములో ఎరిగిన పనియే. సామాను దించి పోయినవాడు తేలికగా పరుగెత్తగలడు. దించుటకు ఎవడో ఒకడు కావలి ఉండవలెను.

నాబాలు పేరు వచ్చినది గనుక ఒక మాట. తన రొట్టె, తన నీళ్లు, తన మాంసము అని లెక్కపెట్టి, దావీదు మనుష్యులకు పిడికెడు ఇయ్యక తిప్పి పంపిన ధనికుడు ఆ నాబాలు. అతనిని గూర్చి గ్రంథము వాడిన హెబ్రీ మాటయు, ఇక్కడ ఈ కొందరిని గూర్చి వాడిన మాటయు ఒక్కటే. ఆకలితో ఆ దినమున నాబాలు వాకిట నిలిచి తిట్లు తిని వచ్చినవారు దావీదు మనుష్యులే. చేతికి సొమ్ము రాగానే ఆ మనుష్యులలో కొందరి నోట నాబాలు మాటలే వచ్చినవి. నిన్న లేనివాడు నేడు కలవాడైతే లేమిని ఎంత త్వరగా మరచిపోవునో చూడుడి.

ఇక్కడ ఆలోచనగల పాఠకుడు ఒక అభ్యంతరము చెప్పును. అయ్యగారూ, మీరు చెప్పినట్లు అందరికిని సమపాలు ఇచ్చినయెడల ఇక పనికి ఎవడు వచ్చును? సోమరికి ఇది మంచి వాక్యము దొరికినట్లు కాదా?

ఈ అభ్యంతరము న్యాయమైనదే. లేఖనము కూడ దీనిని ఎరుగును. క్రీ. పూ. 445 ప్రాంతమున నెహెమ్యా యెరూషలేము ప్రాకారము కట్టించినప్పుడు పనిచేసినవారి పట్టిక నెహెమ్యా 3వ అధ్యాయములో ఉన్నది. కంసాలులు కట్టిరి, పరిమళ ద్రవ్యములు చేయువారు కట్టిరి, షల్లూము అను అధిపతి తన కుమార్తెలతో కూడ వచ్చి కట్టెను. ఆ పట్టికలో ఒక మచ్చ కలదు. తెకోవ ఊరివారు పనికి వచ్చిరి గాని వారిలోని ఘనులు మెడ వంచలేదు. కాడి మెడమీద పెట్టనియ్యని ఎద్దు పోలిక అది. మన రైతులకు వివరింపనక్కరలేదు. వారు అలసినవారని వ్రాయబడలేదు, ఘనులని వ్రాయబడినది. అయినను తెకోవ సామాన్యులు మానక, తమ వంతు ముగించి మరియొక భాగము కూడ కట్టిరని 27వ వచనములో చూడుడి. 52 దినములలో ప్రాకారము పూర్తియైనది. అట్లే దెబోరా కీర్తనలో (న్యాయాధిపతులు 5వ అధ్యాయము) మందల మధ్య కూర్చుండి ఆలోచనలు మాత్రము గొప్పగా చేసిన రూబేనీయులను, ఓడల దగ్గర ఉండిపోయిన దానీయులను ఆమె పేరు పెట్టి అడిగెను. సహాయమునకు రాని మేరోజు ఊరు శపింపబడెను.

కాబట్టి రాలేనివాడు వేరు, రానివాడు వేరు. ఈ భేదమును యూదుల పెద్దలు ఒక చక్కని తీర్పులో చూపిరి. నిర్గమకాండము 23:5లో, నిన్ను ద్వేషించువాని గాడిద బరువు క్రింద పడియుండుట చూచినయెడల, దాటిపోక, అతనితో కూడ దానిని లేవదీయవలెనని ఆజ్ఞ కలదు. మరి ఆ గాడిదగలవాడు చెట్టు క్రింద చేతులు కట్టుకొని కూర్చుండి, ఆజ్ఞ నీకే గదా, కావలసిన నీవే దించుకొమ్మనిన ఏమి చేయవలెను? సుమారు క్రీ. శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా అను ధర్మనిర్ణయముల గ్రంథము ఈ ప్రశ్న వేసి, అట్టివానికి సహాయము చేయు బాధ్యత నీకు లేదని చెప్పుచున్నది. ఏలయనగా, అతనితో కూడ అని ఆజ్ఞలో ఉన్నది. అయితే వెంటనే మరియొక మాట చేర్చుచున్నది. ఆ మనుష్యుడు ముసలివాడైనను రోగియైనను, అప్పుడు నీవొక్కడవే దించవలెను. శత్రువైనను సరే! ఇంత సూక్ష్మముగా ఆలోచించిన ఆ పెద్దలకు మనము వందనము చేయవలసినదే.

అయితే బయటినుండి చూచువానికి అలసినవాడును సోమరియు ఒక్కలాగే కనబడుదురు గదా, ఎట్లు గుర్తించుట? బెసోరు దగ్గర దావీదు నాడి పట్టి చూడలేదు. ప్రమాణము చేయుమని అడుగలేదు. ఒక్క గురుతు మాత్రము కథలో కనబడుచున్నది. ఆ 200 మంది కాళ్లకు బలము వచ్చినంతనే లేచి ఎదురు వచ్చిరి. మేరోజు ఊరివారు వచ్చినట్లు ఎక్కడను లేదు. అంతకుమించి నిశ్చయముగా తెలిసికొను త్రాసు మనుష్యుల చేతిలో లేదు. త్రాసు లేనప్పుడు ఏదో ఒక ప్రక్క తప్పవలసివచ్చును. నలుగురు సోమరులు మోసము చేసి పాలు తినిపోవుట ఒక తప్పు. నిజముగా కూలినవాడొకడు ఉత్తచేతులతో ఇంటికి పోవుట మరియొక తప్పు. మొదటి తప్పు వలన సంఘమునకు కొంత ధాన్యము నష్టము. రెండవదాని వలన నష్టపోవునది మనుష్యుడు. రెంటిలో ఒకటి తప్పనిసరియైన మొదటిదే మేలని నా అభిప్రాయము. పెద్దలలో కొందరు దీనికి ఒప్పుకొనరని ఎరుగుదును.

ఈ సంగతి ఇశ్రాయేలు దేశమున ముగిసినది కాదు. కొన్ని చోట్ల సంఘపు చందా బాకీ యున్న కుటుంబములో మరణము సంభవించినప్పుడు, బాకీ తీర్చినగాని సమాధి స్థలము ఇయ్యమని చెప్పుట విన్నాను. పెండ్లి చీటీలు కూడ అట్లే నిలుపుదురు. ఆ బాకీ ఎందుకు పడినదో అడిగినవారు తక్కువ. భర్త మంచమెక్కి రెండేండ్లాయెనా, పంట పోయెనా, కూలి దొరకలేదా అని క్షేమమడుగుట ముందు, లెక్క తరువాత అని దావీదు చూపిన వరుస అక్కడ తలక్రిందులైనది. ఇయ్యగలిగి బిగబట్టిన ఆసామిని అడుగుడి, గట్టిగానే అడుగుడి. అతడు తెకోవ ఘనులలోనివాడు. శవమును వాకిట పెట్టుకొని ఏడ్చుచున్న విధవరాలు ఆ జాబితాలోనిది కాదు.

సామాను యొద్ద నిలిచినవారు ప్రతి సంఘములో ఉన్నారు. అత్తగారు పక్షవాతముతో పడియుండగా ఆదివారము మందిరమునకు రాలేని కోడలు ఒకతె. కొడుకులు హైదరాబాదు పనులకు పోయి మందిరమునకు డబ్బు పంపగా, వారి పేరు రాతిమీదికి ఎక్కును. వారి పిల్లలను పెంచుచు, వారి గొడ్లను కాచుచు ఊరిలో మిగిలిన ముసలి తలిదండ్రుల పేరు ఎక్కదు. ఆ కొడుకులు తేలికగా నడిచిపోవుటకు సామాను దించినది ఎవరి యొద్ద? పొయ్యిలో బియ్యము పోయునప్పుడెల్ల పిడికెడు తీసి దేవుని కుండలో వేయు స్త్రీలు ఎందరో ఉన్నారు. ఆ పిడికెళ్లన్నియు కలిసి ఎన్ని బస్తాలాయెనని మనము చెప్పుదుము గాని, ఎవరెవరివని చెప్పము.

దావీదు ఆ దినమున చెప్పిన మాట ఆ దినముతో పోలేదు. అది ఇశ్రాయేలులో కట్టడగాను న్యాయవిధిగాను నిలిచెనని 25వ వచనములో ఉన్నది. పిమ్మట అతడు దోపుడులో కొంత యూదా పెద్దలకు పంపెను. ఆ ఊళ్ల పేర్లు వరుసగా వ్రాయబడినవి. చివరి పేరు హెబ్రోను. తాను పారిపోయి తిరుగులాడిన కాలములో తనకును తన మనుష్యులకును చోటిచ్చిన స్థలములవి. వారును ఒక విధముగా సామాను యొద్ద నిలిచినవారే.

ఒక్కడు మాత్రము ఆ పంపిణీలో కనబడడు. దారి చూపిన ఐగుప్తీయుడు. తనను చంపననియు, పాత యజమానునికి అప్పగింపననియు ప్రమాణము చేయుమని మాత్రమే అతడు అడిగెను. దారి చూపిన తరువాత అతడేమాయెనో, అతనికి పాలు ఇచ్చిరో లేదో గ్రంథములో లేదు. ఈ అధ్యాయమును రాత్రి కుటుంబ ప్రార్థనలో చదివినప్పుడు, ఇయ్యవలసియుండెనా అని మీ పిల్లలను అడిగి, వారేమందురో వినుడి.